మంచి తిండి, కదలని ముల్లు

అక్క: నేను తిండి మార్చి ఏడాది దాటింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం సంగటీ ఆకుకూర పప్పూ, రాత్రికి కొర్రన్నం. బేకరీ సరుకు ఇంట్లోకి రానీను. చక్కెర మానేసి బెల్లం వాడుతున్నా. ఇంత చేస్తే తగ్గింది రెండు కిలోలు. ఆ తర్వాత ముల్లు కదలడం లేదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించుకున్నా, బాగానే ఉందన్నారు. యాభైకి దగ్గరపడిన ఆడమనిషి ఒళ్లు ఇంతకు మించి తగ్గదని నాకు తెలిసిపోయింది. ఈ తిండి మానను గానీ, ఇక ఆ తూకం మిషను మాత్రం ఎక్కను.

తమ్ముడు: తిండి మానొద్దనే నేనూ అంటా అక్కా. తూకం ఎక్కనన్న మాట దగ్గరే మనకు పేచీ. నువ్వు తినేది మంచి తిండే. అయితే మంచి తిండి వేరు, తక్కువ తిండి వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూడు. 100 గ్రాముల బియ్యంలో 356 క్యాలరీలుంటే రాగుల్లో 320 దాకా ఉన్నాయి. తేడా పదో వంతుకు అటూ ఇటూ. బెల్లానికీ చక్కెరకూ ఉన్న తేడా కూడా దాదాపు అంతే. ఇక మన చెనిగ్గింజలు 100 గ్రాములకు 500 దాటతాయి. ఊరిబిండి, చెనిగ్గింజల పొడి, బెల్లం పాకంలో చుట్టిన ఉండలు, అన్నీ మన నేల మీద పండినవాటితో చేసినవే, ఒంటికి మంచివే. బియ్యం తీసి రాగులు పెట్టి, చక్కెర తీసి బెల్లం పెట్టినంత మాత్రాన బరువు దిగాలని ఎక్కడుంది?

అక్క: క్యాలరీ ఒక్కటే చూస్తే అట్లాగే ఉంటుంది. అదే పట్టికలో పక్క వరస కూడా చదువు. బియ్యంలో పీచు 3 గ్రాములు లేదు, రాగుల్లో 11 గ్రాములుంది. బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాముల లోపే, రాగుల్లో 350 పైన. నెలసరి ఆగిపోయే వయసులో ఎముక గుల్లబారుతుంది. అప్పుడు నాకు కావలసింది ఈ కాల్షియమే. కడుపు సులువుగా ఉంది, మధ్యాహ్నం తిన్నాక కన్ను మూతపడే మత్తు పోయింది. ఇన్ని మేళ్లు జరిగితే, కిలోలు తగ్గలేదు కాబట్టి ఏమీ జరగలేదన్నట్టు మాట్లాడతారు అందరూ. నాకు కోపం అక్కడే వస్తుంది.

తమ్ముడు: మేలు జరగలేదని నేను అనను. మన పెద్దవాళ్లు తిన్నది ఈ సంగటే కదా, వాళ్లకు పొట్ట ఎందుకు లేదో ఒక్కసారి ఆలోచించు. మగవాళ్లు కపిల తోలినారు, చెనక్కాయ పీకినారు. ఆడవాళ్లు బావిలో నీళ్లు చేదినారు, ఇసుర్రాయి తిప్పినారు, రోట్లో దంచినారు. ఆ పనికి ఆ ముద్ద సరిపోయేది. ఇప్పుడు మోటరు స్విచ్చి వేస్తే నీళ్లు, మిక్సీ తిప్పితే పిండి, వీధి చివరికి పోవాలన్నా స్కూటీ. ఆ తిండిని వెనక్కి తెచ్చుకున్నాం, ఆ పనిని తెచ్చుకోలేదు. సంగటి నుంచి పాతకాలపు ఒళ్లు ఆశించడం సంగటికే అన్యాయం.

అక్క: పని లేదని ఎవరన్నారు? ఐదుకు లేస్తే పదకొండుకు గానీ నడుము వాలదు. బరువు మోసే పని పోయి నిలబడి చేసే పని మిగిలింది, అంతే. మోకాళ్ల నొప్పులు వస్తాయి గానీ కండ రాదు. ఆ పనిలో పడి నిద్ర చాలదు. 2010లో చికాగో విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన చేశారు. ఒకే మనుషులు, ఒకే కట్టుతిండి. ఒక విడత ఎనిమిదిన్నర గంటలు, ఇంకో విడత ఐదున్నర గంటలు పడకకు ఇచ్చారు. నిద్ర తగ్గిన విడతలో కరిగిన కొవ్వు 55 శాతం తక్కువ. కండ మాత్రం ఎక్కువగా పోయింది. నా పళ్లెంలో ఏముందని అడిగేవాళ్లే గానీ, నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావని అడిగినవాళ్లు లేరు.

తమ్ముడు: నిద్ర సంగతి ఒప్పుకుంటా. ఇంట్లో మిగతావాళ్లం పంచుకోవలసిన పని అది. వయసు మీదికి నెట్టేయడం మాత్రం ఒప్పుకోను. నలభై దాటితే మెటబాలిజం పడిపోతుందని అందరూ చెప్పే మాటను 2021లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన కొట్టేసింది. 29 దేశాల్లో, పసిబిడ్డల నుంచి 95 ఏళ్లవాళ్ల దాకా, 6,400 మందికి పైగా ఖర్చుపెట్టే శక్తిని కొలిచారు. 20 నుంచి 60 ఏళ్ల దాకా అది నిలకడగానే ఉంది. ఆడవాళ్లకు నెలసరి ఆగే వయసులో కూడా పడిపోలేదు. అరవై తర్వాతనే ఏడాదికి 0.7 శాతం చొప్పున తగ్గుతూ వచ్చింది. నలభై ఎనిమిదేళ్ల ఒళ్లు మొద్దుబారిందనడానికి ఆధారం లేదు.

అక్క: ఆ లెక్క ఎట్లా కట్టారో కూడా చెప్పు. ఒంట్లో కొవ్వు పోగా మిగిలిన బరువుకు సరిచేసి కట్టిన లెక్క అది. అంటే ఉన్న కండ ఎంత ఖర్చు చేయాలో అంత చేస్తోందని అర్థం. ఆ కండే తరిగిపోతే? ముప్పై దాటిన తర్వాత పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం కండ పోతుందని వైద్యులే చెప్తారు. అమెరికాలో నడివయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ పరిశోధన ఉంది. నెలసరి ఆగబోయే ఆ కొన్నేళ్లలో కొవ్వు చేరే వేగం రెట్టింపయింది, కండ తగ్గసాగింది. విచిత్రమేమంటే బరువు పెరిగే వేగంలో మాత్రం ఆ మలుపు కనబడలేదు. లోపల ఇంత మార్పు జరుగుతుంటే నీ తూకం మిషను దాన్ని పట్టుకోలేదు. దాన్ని నమ్మమంటావా?

తమ్ముడు: సరే, కండ గురించి నువ్వు చెప్పింది సరైనది. కానీ నమ్మకం మాట ఎత్తావు కాబట్టి అడుగుతా, మన జ్ఞాపకాన్ని ఎంత నమ్మాలి? 1992లో న్యూయార్కులో, ఎంత కట్టుగా తిన్నా బరువు తగ్గడం లేదన్న పదిమందిని పరీక్షించారు. వాళ్ల మెటబాలిజం బాగానే ఉంది. తిన్నామని చెప్పింది, నిజంగా తిన్నదానికంటే సగటున 47 శాతం తక్కువ. చేశామన్న వ్యాయామం 51 శాతం ఎక్కువ. వాళ్లు అబద్ధం చెప్పలేదు. మనిషికి గుర్తుండే తీరే అంత. మన తిరుపతి ఇళ్లలో చూడు. దర్శనానికి వచ్చిన చుట్టాలు మన ఇంట్లోనే దిగుతారు. వాళ్లతో ఒక పూట, వాళ్లు తెచ్చిన స్వీటు ఒక ముక్క, పారేయబుద్ధి కాక గిన్నె అడుగున మిగిలిన అన్నం ఒక గుప్పెడు. శనివారం ఒక్కపొద్దు ఉంటావు, మాపటికి ఉప్మా, అరటిపండ్లు, పాలు కలిసి మానేసిన పూట లెక్క సరిచేస్తాయి. తిరగమోతకు ఒక పెద్ద చెంచాడు నూనె ఎక్కువ పడితే 120 క్యాలరీల దాకా చేరతాయి, ఆ నూనె ఎవరికీ కనబడదు.

అక్క: ఆ మాట కొంచెం గుచ్చుకుంది. అయినా కాదనలేను. మిగిలింది నా కడుపులోకే పోతుంది, అది నిజం. ఇంట్లో అందరూ తిన్నాక చివర కూర్చునే మనిషి కొలిచి తినలేదు, ఏది మిగిలితే అది తింటుంది. పప్పు అయిపోయి ఉంటుంది, అన్నం మిగిలి ఉంటుంది. కాబట్టి దాన్ని నా ఒక్కదాని నిగ్రహం కింద కట్టొద్దు. ఇంకో మాట. తక్కువ తిన్న తర్వాత కూడా ఒళ్లు ఎదురు తిరుగుతుంది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు బరువు తగ్గినవాళ్లను ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి. అమెరికాలో టీవీ పోటీలో పాల్గొని విపరీతంగా తగ్గిన పద్నాలుగు మందిని ఆరేళ్ల తర్వాత చూస్తే, వాళ్ల ఒళ్లు రోజుకు ఖర్చు పెట్టవలసినదానికంటే 500 క్యాలరీలు తక్కువ ఖర్చు పెడుతోంది. పోయిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చింది. ఇది బద్ధకం కాదు. కరువును తట్టుకోవడానికి ఒంటికి ఉన్న ఏర్పాటు.

తమ్ముడు: ఆ పోటీలో వాళ్లు నెలల్లో యాభై, అరవై కిలోలు దించుకోవాలని పడ్డ పాట్లు వేరు. నిన్ను అడిగేది అది కాదు కదా. నిదానంగా తగ్గమంటున్నా.

అక్క: నిదానం అంటే ఎంత నిదానమో కూడా తెలియాలి. 1958 నుంచి ఒక లెక్క తిరుగుతోంది, 7,700 క్యాలరీలు మిగిలిస్తే ఒక కిలో అని. ఆ లెక్కన రోజుకు 100 క్యాలరీలు తగ్గిస్తే ఏడాదికి నాలుగున్నర కిలోలకు పైనే, ప్రతి ఏడూ అట్లాగే దిగుతూ పోవాలి. ఒళ్లు అట్లా పనిచేయదని కెవిన్ హాల్ బృందం 2011లో ‘లాన్సెట్’లో చూపించింది. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది. రోజుకు 24 క్యాలరీలు తగ్గించి అక్కడే నిలబడితే చివరికి తగ్గేది ఒక కిలో. అందులో సగానికి ఏడాది పడుతుంది, మిగతాది దాదాపుగా తగ్గడానికి మూడేళ్లు. అంటే రోజుకు 100 క్యాలరీలు తగ్గిస్తే తొలి ఏడాది రెండు కిలోలు. నాకు తగ్గింది సరిగ్గా అంతే. నేను ఓడిపోలేదు. మీరంతా ఆశించిన లెక్కే తప్పు.

తమ్ముడు: ఈ లెక్క నీకంటే నాకే ఎక్కువ ఉపయోగపడుతుంది అక్కా. మిగతా సగం రెండో ఏడూ మూడో ఏడూ వస్తుందని అదే లెక్క చెప్తుంది. నువ్వు ఏడాదికే ఆగిందని తేల్చేశావు. ఒకటి రెండు నెలలు ముల్లు కదలకపోవడం, ఒంట్లో నీళ్ల హెచ్చుతగ్గుల్లో ఆ కాస్త తగ్గుదల కనబడకపోవడం మామూలే. నీ బాట సరైనదైతే ఇప్పుడు ఆపడానికి కారణం లేదు. అదే రోజుకు 200 అయితే చివరికి ఎనిమిది కిలోలు.

అక్క: ఎనిమిది తగ్గినా నేను పట్టికల్లోని సన్నటి మనిషిని కాను. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ 200 లెక్కపెట్టుకుంటూ ఉండాలి. నాకు కావలసింది సన్నబడటమా, షుగరు రాకుండా ఉండటమా?

తమ్ముడు: మన దేశం వాళ్లకు ఆ రెంటినీ విడదీయలేం. ఎత్తుతో పోల్చి బరువును లెక్కగట్టే బీఎంఐ 23 దాటితేనే మనకు ఎక్కువ బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. తెల్లవాళ్ల బీఎంఐ హద్దుల కంటే మనవి తక్కువ. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, లండన్లో డాక్టర్ యుడ్కిన్, ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొలిస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. 2004లో ‘లాన్సెట్’లో ఆ ఇద్దరి బొమ్మ వేసి మరీ చూపించారు. సన్నగా కనబడే భారతీయుడి లోపలే అంత కొవ్వుంటే, నువ్వూ నేనూ బరువు పట్టించుకోకుండా ఎట్లా? 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి షుగరుంది. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఎక్కువ బరువువాళ్లే.

అక్క: యాజ్ఞిక్ గారి కథ నా పక్షానికే సాక్ష్యం చెప్తోంది. ఇద్దరి తూకం లెక్కా ఒకటే, కొవ్వు రెట్టింపు తేడా. అంటే తూకం ఆ తేడాను దాచింది. నడుము కొలిచే టేపు చెప్పింది నేను వింటా, నెత్తురు పరీక్ష చెప్పింది వింటా. కిలోల మీదే నాకు నమ్మకం లేదు.

తమ్ముడు: కిలోలను అంత తేలిగ్గా కొట్టేయొద్దు. అమెరికాలో 3,234 మంది మీద జరిగిన డయాబెటిస్ నివారణ పరిశోధన ఫలితం 2002లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. తర్వాత లోతుగా చూస్తే తగ్గిన ఒక్కో కిలోకు 16 శాతం ముప్పు తగ్గినట్టు తేలింది. నువ్వు తగ్గిన ఆ రెండు కిలోలకు కూడా విలువ ఉందని చెప్పేది తూకమే.

అక్క: మనకు కూతవేటు దూరంలో, చెన్నైలో జరిగింది కూడా చెప్పాలి కదా. డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందిని రెండున్నరేళ్లు గమనించి 2006లో ఫలితం ప్రకటించింది. వాళ్లు షుగరు అంచున ఉన్నవాళ్లు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మందు బిళ్లలు వేసుకున్నవాళ్లకూ దాదాపు అంతే మేలు. బరువు తగ్గకుండానే తిండీ నడకా ఒంటిని కాపాడాయి. నాకు ఇంతకన్నా పెద్ద ఊరట ఏముంది?

తమ్ముడు: ఊరటే, కాదనను. అయినా 28కీ 58కీ మధ్య తేడా ఉంది.

అక్క: ఆ అమెరికావాళ్ల సగటు బీఎంఐ 34. చెన్నైవాళ్లది 26 లోపు. వాళ్లకు దించుకోవడానికి ఉన్నంత బరువు మనవాళ్లకు లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం కష్టం.

తమ్ముడు: అది నిజమే, ఆ పోలిక వెనక్కి తీసుకుంటా. నా భయం వేరు. బరువు లెక్కలేదన్న మాట ఒకసారి పట్టుకుంటే జనం తిండి కూడా చూసుకోరు.

అక్క: నా భయం దానికి ఎదురుది. కిలోలే లెక్క అని పట్టుకున్నవాళ్లు ఎన్ని తిప్పలు పడ్డారో మనం చూశాం. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే వద్దన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్నారు. మన సీమలో ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారు సిరిధాన్యాలు తినమన్నారు. ఒకరిది ఒకరికి పొసగదు. ప్రతి దారిలోనూ తగ్గినవాళ్లున్నారు. ఆరు నెలలకు ముల్లు ఆగగానే ఇంకో దారికి మారి, పోయిన కిలోలు తిరిగి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. త్వరపడి తగ్గేటప్పుడు కండ పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. యాభైలో పోయిన కండను అరవైలో తెచ్చుకోవడం ఎంత కష్టం!

తమ్ముడు: ఆ మూడు దారుల్లో తగ్గినవాళ్లందరిలో సామాన్యం ఒకటే, మునుపటికంటే తక్కువ తిన్నారు. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందికి ఏడాదిపాటు కొందరికి కొవ్వు తగ్గించి, కొందరికి పిండి పదార్థం తగ్గించి చూశారు. 2018లో ఫలితం వస్తే రెండు వైపులా ఐదారు కిలోలే, పెద్ద తేడా లేదు. ఏ దారైనా సరే, నిలబడగలిగితేనే పని జరుగుతుంది. అందుకే నిన్ను దారి మార్చుకోమనను. అన్నం గిన్నె కొంచెం తగ్గించి అనపగింజలు, ఉలవలు, గుడ్డు పెంచు. చివర కూర్చునే పద్ధతి మానేసి అందరితో కలిసి తిను. వారంలో రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం పెట్టుకో. మోకాళ్లు ఒప్పుకుంటే శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, అలిపిరి 3,550 మెట్లు ఉండనే ఉన్నాయి.

అక్క: మెట్లు ఎప్పుడో ఒకసారి మొక్కు తీర్చుకోవడానికి. రోజూ చేసేది ఇంటి దగ్గరే ఉండాలి. పప్పుగింజలు పెంచుతా, బరువులూ ఎత్తుతా. అందరితో కలిసి కూర్చోవడం నా ఒక్కదాని చేతిలో లేదు, మీరంతా వడ్డించుకోవడం నేర్చుకోవాలి. తూకం మిషను సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

తమ్ముడు: బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చేశాయి, 2025లో మన దేశంలోనూ అమ్మకానికి పెట్టారు. బరువు వల్ల షుగరో బీపీయో వచ్చినవాళ్లు డాక్టరును అడిగి వాడితే తప్పు లేదు.

అక్క: తప్పు కాదు. కానీ ఆ మందు ఆపిన ఏడాదిలో పోయిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చినట్టు పరిశోధనల్లోనే చూశారు. ఒళ్లు తన పాత బరువు కోసం ఎంత పట్టుబడుతుందో దానితోనే తెలుస్తుంది. మందు లేకుండా రెండు కిలోలు తగ్గి అక్కడే నిలబడ్డ మనిషిని నిగ్రహం లేనిదానివని ఎవరూ అనకూడదు.

తమ్ముడు: అననక్కా. అయితే తూకం నువ్వు ఎందుకు ఎక్కాలో ఒక్క కారణం చెప్తా, విను. ఈ వయసులో మన ప్రయత్నం లేకుండా కిలోలు దిగిపోతే అది ప్రమాదం. షుగరు ముదిరినా, టీబీ వచ్చినా, క్యాన్సర్ వచ్చినా ముందు కనబడేది అదే కావచ్చు. తూకమే ఎక్కనివాళ్లు ఆ సంకేతం పోగొట్టుకుంటారు. నెలకొకసారి చాలు. నిన్ను మెచ్చుకోవడానికీ తిట్టడానికీ కాదు, తెలుసుకోవడానికి.

అక్క: ఆ ఒక్క పనికి అయితే ఎక్కుతా. నా తిండి మంచిదా కాదా అని తీర్పు చెప్పే హక్కు మాత్రం దానికి ఇవ్వను. నాకు తెలిసిన ఆడవాళ్లకు కూడా ఇదే చెప్తా. ముల్లు కదలలేదని మంచి తిండి మానేయొద్దు. మంచి తిండి తింటున్నాం కదా, ఇక షుగరు రాదన్న ధీమా కూడా వద్దు. నడుము 80 సెంటీమీటర్లు దాటిన ఆడవాళ్లు, 90 దాటిన మగవాళ్లు షుగరూ బీపీ చూపించుకోండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ సర్కారు ఆసుపత్రిలో ఆ పరీక్షలు ఉచితం.